రాజకీయాలు, బిగ్ డేటా, పరిమాణాత్మక పద్ధతులు: ఈ పీజీ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

డిగ్రీలో నేను చదివింది పొలిటికల్ సైన్స్. మూడేళ్లూ సిద్ధాంతాలు, వ్యాసాలు, అంతే. పీజీకి వచ్చేసరికి లెక్కల దారి పట్టాను: రాజకీయ ప్రశ్నలకు అంకెలతో, డేటాతో జవాబు వెతికే కోర్సు. అప్పట్నుంచీ ప్రతి ఏడూ అడ్మిషన్ల సమయానికి జూనియర్ల మెసేజ్‌లు మొదలవుతాయి. మనుషులు మారతారు గానీ ప్రశ్నలు మాత్రం దాదాపు అవే. ఒక్కొక్కరికీ విడిగా టైప్ చేసే ఓపిక అయిపోయింది కాబట్టి ఈసారి అన్నీ ఒకచోట రాసిపెడుతున్నాను. మొహమాటపడి అడగకుండా వదిలేసే ప్రశ్నలు కూడా కొన్ని ఇందులో ఉన్నాయి.

ఇది అసలు పొలిటికల్ సైన్సా, స్టాటిస్టిక్సా?

పొలిటికల్ సైన్సే. ప్రశ్న రాజకీయాలది, పనిముట్టు స్టాటిస్టిక్స్‌ది. "ప్రజాస్వామ్యాలు ఎందుకు కూలిపోతాయి" అని మామూలు ఎంఏలో అడిగితే, నలుగురు పండితులు ఏమన్నారో చదివి, వాళ్ల వాదనల బలాబలాలు చూసి వ్యాసం రాస్తారు. ఇక్కడా ఆ నలుగురినీ చదవాల్సిందే. కాకపోతే ఆ తర్వాత ఇంకో పని ఉంటుంది. వీళ్లలో ఫలానావారు చెప్పింది నిజమైతే బయట మనకు ఏం కనపడాలి? అది కనపడుతోందా?

అది చూడాలంటే డేటా కావాలి. ఉదాహరణకు స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ యూనివర్సిటీ కేంద్రంగా నడిచే వీ-డెమ్ ప్రాజెక్టులో 1789 నుంచీ దేశదేశాల ప్రజాస్వామ్య సూచీలు ఉన్నాయి. ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. కొత్తగా చేరినవాళ్లు ఆ ఫైల్ చూడగానే గ్రాఫ్‌లు గీసేద్దామని ఉవ్విళ్లూరుతారు. మంచి టీచర్ అక్కడే ఆపి అడుగుతారు: ఫలానా దేశానికి 0.62 అని ఉంది, ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చింది? ఆ సూచీల్లో చాలా భాగం ఆయా దేశాల మీద పట్టున్న నిపుణులు వేసిన మార్కుల నుంచి వస్తుంది. ఇద్దరు నిపుణులు ఒకేలా మార్కులు వేయరు. ఆ తేడాను ఎలా సర్దుబాటు చేశారన్నది పెద్ద చర్చ. నా లెక్కలో ఈ కోర్సు మొత్తం ఆ ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది: ఈ అంకె ఎలా పుట్టింది?

డిగ్రీ పేరు ఒకచోట ఎంఏ, మరోచోట ఎంఎస్సీ. బ్రిటన్‌లో ఎక్కువగా ఏడాది, యూరప్‌లో చాలాచోట్ల రెండేళ్లు. పేరును బట్టి ఏమీ తేల్చుకోకండి, సిలబస్ చూడండి. ఆ సంగతి కింద చెప్తాను.

స్కూలు తర్వాత లెక్కలు ముట్టుకోలేదు. నావల్ల అవుతుందా?

అవుతుంది. నాకు అయింది కదా. కావాల్సింది భిన్నాలు, శాతాలు, సరళరేఖ వాలు అంటే ఏంటో తెలియడం, సంభావ్యత మీద కొంచెం అవగాహన, లాగరిథమ్ కనపడితే పారిపోకుండా ఉండటం. రిగ్రెషన్ అనే మాట వినగానే టెన్షన్ పడేవాళ్లకు నేను చెప్పేది ఇదే: కాగితం మీద చుక్కల గుంపు ఉంది, దాని మధ్యలోంచి అన్ని చుక్కలకూ వీలైనంత దగ్గరగా ఒక గీత గీయాలి. మిగతాదంతా ఆ గీతను ఎంత నమ్మొచ్చు అనే వివరణ.

నిజానికి విద్యార్థులు బోల్తా పడేది లెక్క చేసేటప్పుడు కాదు, దాన్ని మాటల్లో చెప్పాల్సి వచ్చినప్పుడు. పీ-వాల్యూనే తీసుకోండి. 0.03 వచ్చిందంటే "నా సిద్ధాంతం తప్పయ్యే అవకాశం మూడు శాతమే" అని రాసేస్తారు. దాని అర్థం అది కాదు. నిజంగా ఏ ప్రభావమూ లేదని అనుకుంటే, ఇంత తేడాగానీ ఇంతకన్నా పెద్ద తేడాగానీ కేవలం యాదృచ్ఛికంగా కనపడే అవకాశం మూడు శాతం అని. ఈ రెండు వాక్యాల మధ్య తేడా మొదటి చదువులో ఎవరికీ ఎక్కదు. అచ్చయిన పరిశోధనా పత్రాల్లోనే ఈ పొరపాటు ఎంతగా పాతుకుపోయిందంటే, 2016లో అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్ పనిగట్టుకుని ఒక ప్రకటన ఇవ్వాల్సి వచ్చింది. కాబట్టి మొదటి నెలలో అర్థం కాలేదని బెంగపడకండి.

బిగ్ డేటా అంటే ఎంత పెద్దది? ఎక్కువ డేటా ఉంటే ఫలితం కచ్చితంగా వస్తుందిగా?

అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఒక్క మెతుకు చాలంటారు. గిన్నె అంతా సమంగా ఉడుకుతుంటేనే ఆ మాట నిజం. పైపైన పలుకుగా ఉండి అడుగున మాడిపోతుంటే, పైనుంచి నాలుగు గరిటెలు తీసి చూసినా అడుగు సంగతి తెలియదు.

1936లో అమెరికాలో జరిగింది అదే. లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక అధ్యక్ష ఎన్నికల ముందు సుమారు కోటి మందికి కార్డులు పంపింది. 20 లక్షలకు పైగా జవాబులొచ్చాయి. వాటిని లెక్కేసి, పోటీదారు లాండన్ గెలుస్తాడు, అప్పటి అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఓడిపోతాడు అని చెప్పింది. రూజ్‌వెల్ట్‌కు 60 శాతానికి పైగా ఓట్లొచ్చాయి. లాండన్‌కు దక్కినవి రెండే రాష్ట్రాలు. పత్రిక అడ్రసులు తీసుకున్నది టెలిఫోన్ డైరెక్టరీల నుంచి, కార్ల రిజిస్ట్రేషన్ జాబితాల నుంచి. ఆర్థిక మాంద్యం రోజుల్లో ఫోనూ కారూ ఉన్నవాళ్లు ఎవరు? దానికి తోడు, కార్డు అందినవాళ్లలో జవాబు రాసి పంపినవాళ్లు వేరు, పక్కన పడేసినవాళ్లు వేరు. అదే ఎన్నికల్లో సర్వేలు చేసే జార్జ్ గ్యాలప్ అంతకన్నా చాలా తక్కువ మందిని (చాలా చిన్న శాంపిల్‌ను) అడిగి విజేతను సరిగ్గా చెప్పాడు.

పాత కథేలే అనుకుంటే, కొత్తది ఉంది. హార్వర్డ్ స్టాటిస్టిక్స్ ప్రొఫెసర్ షావ్-లి మెంగ్ 2018లో ఒక లెక్క కట్టారు. అమెరికాలో 2016 ఎన్నికల ముందు ఓటర్లలో ఒక శాతం మంది, అంటే సుమారు 23 లక్షల మంది, తమంతట తాము చెప్పిన సమాధానాలు మన దగ్గర ఉన్నాయనుకుందాం. ఎవరు సమాధానం చెప్పారు, ఎవరు చెప్పలేదు అన్న దానికీ వాళ్ల ఓటుకీ మధ్య సహసంబంధం (రెండు విషయాలు ఎంత కలిసి నడుస్తాయో చెప్పే అంకె, సున్నా అంటే ఏ సంబంధమూ లేనట్టు) కేవలం 0.005 ఉన్నా చాలు, ఆ 23 లక్షల సమాధానాల విలువ లాటరీ తీసినట్టు సరిగ్గా ఎంచిన 400 మంది యాదృచ్ఛిక శాంపిల్‌తో సమానం. నేను ఈ పత్రం మొదటిసారి చదివినప్పుడు ఆ సంఖ్య అచ్చుతప్పేమో అనుకుని మళ్లీ వెనక్కి వెళ్లి చూశాను.

ఒక చిన్న లెక్క చేతిలో ఉంచుకోండి. యాదృచ్ఛిక శాంపిల్ వెయ్యి మందిదైతే తేడా అటూ ఇటూ సుమారు 3 శాతం. దాన్ని సగం చేయాలంటే రెట్టింపు మంది సరిపోరు, నాలుగు రెట్లు కావాలి. అందుకే సర్వే సంస్థలు చాలాసార్లు వెయ్యి, రెండు వేల దగ్గరే ఆగిపోతాయి. వార్తల్లో "ఇంత పెద్ద దేశానికి వెయ్యి మందేనా" అని వెటకారం చేసేవాళ్లకు ఇదే జవాబు.

మరి పెద్ద డేటా ఎప్పుడు పనికొస్తుంది? కనిపెట్టాల్సిన ప్రభావం బాగా చిన్నదైనప్పుడు, ఆ డేటాలో పక్షపాతం లేనప్పుడు. 2010 అమెరికా ఎన్నికల రోజున ఫేస్‌బుక్ 6.1 కోట్ల మందిపై ఒక ప్రయోగం చేసింది. కొందరికి ఓటెయ్యమనే సందేశం, ఇంకొందరికి ఆ సందేశంతో పాటు "ఓటేశాను" అని నొక్కిన స్నేహితుల ఫొటోలు, మిగిలినవాళ్లకు ఏమీ లేదు. ఫొటోలు చూసినవాళ్లలో పోలింగ్ పెరిగింది అర శాతం కన్నా తక్కువే. వెయ్యి మంది సర్వేలో అది కంటికి ఆనదు. కానీ అంతమంది మీద అది వేలు, లక్షల అదనపు ఓట్ల లెక్క. ఎవరికి ఏది చూపించాలన్నది యాదృచ్ఛికంగా నిర్ణయించారు కాబట్టే ఆ ఫలితానికి విలువ.

ఇకపోతే ఈ కోర్సులో బిగ్ డేటా అనేదాన్ని సైజు మాటగా వాడరు. పరిశోధన కోసం సేకరించింది కాకుండా, వేరే పనికోసం పుట్టి మన చేతికి చిక్కినది అనే అర్థమే ఎక్కువ: పార్లమెంటు ప్రసంగాల రికార్డులు, సోషల్ మీడియా పోస్టులు, రాత్రిపూట ఉపగ్రహం తీసిన వెలుతురు ఫొటోలు, ఓటర్ల జాబితాలు.

కోడింగ్ రాదు. ఆర్, పైథాన్, స్టాటా, ఏది నేర్చుకోవాలి?

మూడూ డేటా విశ్లేషించే పనిముట్లే. కోర్సులో ఏది వాడితే అది. అడగకముందే మొదలెట్టాలనిపిస్తే ఆర్. ఉచితం, పొలిటికల్ సైన్స్‌లో బాగా వాడేది. న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ యూనివర్సిటీలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ అనే ఇద్దరు మొదలుపెట్టారు. ఇద్దరి పేర్లూ ఆర్‌తోనే మొదలవుతాయి. టెక్స్ట్ విశ్లేషణ, మెషీన్ లెర్నింగ్ మీద మోజుంటే తర్వాత పైథాన్. స్టాటాకు డబ్బు కట్టాలి, యూనివర్సిటీ లైసెన్స్ ఇస్తుంది. ఒకటి బాగా వస్తే రెండోది రెండు నెలల పని. మూడూ ఒకేసారి మొదలుపెట్టినవాళ్లు మూడింట్లోనూ "హలో" దగ్గరే ఆగిపోవడం చూశాను.

రోజువారీ క్లాసు పని ఎలా ఉంటుంది?

మోడళ్ల మీద గడిపే సమయం తక్కువ, డేటా శుభ్రం చేయడానికి పట్టే సమయం ఎక్కువ. ఈ మాట అందరూ చెప్తారు, ఎవరూ నమ్మరు. కాబట్టి నా మొదటి అసైన్‌మెంట్ సంగతి చెప్తాను.

రెండు ఫైళ్లు ఇచ్చారు. ఒకదాంట్లో దేశాల తలసరి ఆదాయం, రెండోదాంట్లో ప్రజాస్వామ్య స్కోరు. దేశం పేరు ఆధారంగా రెండూ కలపాలి, అంతే. ఒకే లైను కోడ్. నడిచింది, ఎర్రర్ ఏమీ రాలేదు. హాయిగా రిగ్రెషన్ నడిపి, గ్రాఫ్ గీసి, సబ్మిట్ చేశాను. మార్కులతో పాటు ఒకే ఒక్క వాక్యం వచ్చింది: "దక్షిణ కొరియా ఎక్కడ?"

వెళ్లి చూస్తే ఒక ఫైల్లో "సౌత్ కొరియా" అని ఉంది, ఇంకోదాంట్లో "కొరియా, రిప్." అని ఉంది. కంప్యూటర్‌కు అవి రెండు వేర్వేరు దేశాలు. జత దొరకలేదు కాబట్టి చప్పుడు చేయకుండా రెండిటినీ పడేసింది. అదే దారిలో ఐవరీ కోస్ట్ పోయింది, రెండు కాంగోలూ పోయాయి, మయన్మార్ పోయింది. 2018లో పేరు మార్చుకున్న ఎస్వాతీని ఒక ఫైల్లో ఇంకా స్వాజీలాండే. పోయినవాటిలో పేద దేశాలే ఎక్కువ. అంటే ఆదాయం గురించిన నా విశ్లేషణలో పేద దేశాలే ఎగిరిపోయాయి.

పేర్లు వద్దు, కోడ్‌లు వాడండి అని అప్పుడు నేర్చుకున్నాను. సరేనని రెండక్షరాల దేశ కోడ్ వాడితే ఇంకో తమాషా. నమీబియా కోడ్ ఎన్ఏ. ఆర్ భాషలో ఎన్ఏ అంటే "ఇక్కడ విలువ లేదు". ఫైల్ చదవగానే నమీబియా కోడ్ మాయం. మూడక్షరాల కోడ్ వాడితే గొడవ లేదు.

సర్వే ఫైళ్లది ఇంకో రకం. 1981లో మొదలైన వరల్డ్ వాల్యూస్ సర్వేలో "తెలియదు" అన్నవాళ్లకు -1, జవాబు చెప్పనివాళ్లకు -2 అని గుర్తులుంటాయి. ఆ సంగతి చూసుకోకుండా సగటు కట్టేస్తే, మౌనంగా ఉన్నవాళ్లంతా మైనస్ అభిప్రాయం చెప్పినట్టు లెక్కలోకి వచ్చేస్తారు. ఏ సర్వే ఫైల్ తెరిచినా ముందు ఏ గుర్తుకు ఏ అర్థమో చెప్పే కోడ్‌బుక్ చదవండి. బోరు కొడుతుంది, అయినా చదవండి.

నియోజకవర్గాలవారీ ఫలితాలు, జనాభా లెక్కలు రెండూ ఉన్నాయి. ఏ వర్గం ఎవరికి ఓటేసిందో తేల్చెయ్యొచ్చుగా?

టీవీ చర్చల్లో రోజూ తేల్చేస్తుంటారు. జాగ్రత్త. 1950లో రాబిన్సన్ అనే సామాజిక శాస్త్రవేత్త 1930 నాటి అమెరికా జనగణనతో ఒక చిత్రం చూపించారు. రాష్ట్రాలవారీగా చూస్తే, విదేశాల్లో పుట్టినవాళ్లు ఎక్కువ ఉన్న రాష్ట్రాల్లో నిరక్షరాస్యత తక్కువ. సహసంబంధం -0.53 దాకా ఉంది. దీన్నిబట్టి వలస వచ్చినవాళ్లే బాగా చదువుకున్నవాళ్లు అనుకుంటాం. కానీ మనిషి మనిషినీ చూస్తే లెక్క తిరగబడింది: వలస వచ్చినవాళ్లలోనే నిరక్షరాస్యులు కాస్త ఎక్కువ, సహసంబంధం సుమారు 0.12. వాళ్లు వెళ్లి స్థిరపడింది అప్పటికే చదువు బాగా ఉన్న రాష్ట్రాల్లో. అంతే సంగతి.

ప్రాంతం గురించిన అంకెతో ఆ ప్రాంతంలోని మనిషి గురించి నేరుగా చెప్పకూడదు. చెప్పడానికి కొన్ని పద్ధతులున్నాయి, గ్యారీ కింగ్ 1997లో ఇచ్చినది వాటిలో ప్రసిద్ధం. కానీ ప్రతిదానికీ దాని ఊహలు దానికి ఉంటాయి.

రెండు విషయాలు కలిసి నడిచినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణం కాదంటారు. మరి కారణం ఎలా తేలుస్తారు?

నన్నడిగితే కోర్సులో ఇదే అసలు రుచి. దారులు చాలా ఉన్నాయి, రెండు చెప్తాను.

మొదటిది, మనమే ప్రయోగం చేయడం. 2006లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో గెర్బర్, గ్రీన్, లారిమర్ అనే పరిశోధకులు ఒక ప్రైమరీ ఎన్నికకు (పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికకు) ముందు వేల ఇళ్లకు ఉత్తరాలు పంపారు. ఏ ఇంటికి ఏ ఉత్తరం అన్నది లాటరీ. ఒక రకం ఉత్తరంలో "ఓటేయడం పౌరధర్మం" అని ఉంది. ఇంకో రకంలో మీరూ మీ ఇరుగుపొరుగువాళ్లూ గత ఎన్నికల్లో ఓటేశారో లేదో పట్టిక వేసి, ఈసారి ఎన్నికయ్యాక మళ్లీ ఇలాంటి పట్టికే పంపుతాం అని రాశారు. ఏ ఉత్తరమూ అందని ఇళ్లలో పోలింగ్ 29.7 శాతం. ఇరుగుపొరుగు పట్టిక అందిన ఇళ్లలో 37.8. పౌరధర్మం ఉత్తరానికి వచ్చిన పెరుగుదల రెండు శాతం లోపే. నలుగురూ ఏమనుకుంటారో అన్న భయం ధర్మబోధ కన్నా నాలుగు రెట్లకు పైగా పనిచేసిందన్నమాట.

రెండోది, లోకంలో ఎవరో వేరే కారణానికి వేసిన లాటరీని మనం వాడుకోవడం. భారత రాజ్యాంగ 73వ సవరణ తర్వాత పంచాయతీ అధ్యక్ష పదవుల్లో మూడో వంతు మహిళలకు రిజర్వ్ అయ్యాయి, అవి పంచాయతీల మధ్య మారుతూ ఉంటాయి. ఏ పంచాయతీ రిజర్వ్ అవుతుందన్నది యాదృచ్ఛికంగా జరిగినప్పుడు, రిజర్వ్ అయిన ఊళ్లనూ కాని ఊళ్లనూ నేరుగా పోల్చవచ్చు. రాఘవేంద్ర చటోపాధ్యాయ్, ఎస్తేర్ డుఫ్లో పశ్చిమ బెంగాల్, రాజస్థాన్‌లలో 265 పంచాయతీలను అలా పోల్చి 2004లో ప్రచురించారు. ఆ ఊళ్లలో మహిళలు ఏ అవసరాల గురించి ఎక్కువగా అడిగేవారో, మహిళలు నడిపిన పంచాయతీల్లో వాటి మీద ఖర్చు పెరిగింది. మంచినీళ్లు రెండు రాష్ట్రాల్లోనూ ఆ జాబితాలో ఉన్నాయి.

మహిళలను తామంతట తాము ఎన్నుకున్న ఊళ్లను తీసుకుని ఇదే పోలిక చేస్తే పనికిరాదు. అలాంటి ఊళ్లు ముందే వేరేగా ఉండి ఉండొచ్చు. తేడా మొత్తం అక్కడే ఉంది.

సోషల్ మీడియా డేటాతో డిసర్టేషన్ చేయొచ్చా?

కోర్సు చివర రాసే ఈ పరిశోధనా వ్యాసం దానితో చేయొచ్చు, కానీ డేటా చేతికి రాకముందు ప్లాన్ వేయకండి. ట్విట్టర్ ఒకప్పుడు పరిశోధకులకు ఉచితంగా తలుపులు తీసింది. 2023లో మూసేసింది. దాని మీదే ఆధారపడ్డ ఎన్నో ప్రాజెక్టులు ఆగిపోయాయి.

ఈ రకం డేటాతో ఎంత తెలివైన పని చేయొచ్చో చూడాలంటే చైనా సెన్సార్‌షిప్ మీద గ్యారీ కింగ్, జెనిఫర్ పాన్, మార్గరెట్ రాబర్ట్స్ 2013లో ప్రచురించిన పత్రం చూడండి. సుమారు 1,400 వెబ్‌సైట్ల నుంచి పోస్టుల్ని సెన్సార్ చేతిలో పడకముందే దించుకున్నారు. తర్వాత అవే లింకులకు మళ్లీ మళ్లీ వెళ్లి ఏవి మాయమయ్యాయో గుర్తుపెట్టుకున్నారు. ప్రభుత్వాన్ని తిట్టిన పోస్టులే ఎగిరిపోతాయని అందరూ అనుకునేవారు. తిట్లు చాలావరకు అలాగే ఉన్నాయి. ఎగిరిపోయినవి జనాన్ని ఒకచోట కూడగట్టగలిగేవి. చివరికి పొగిడే పోస్టయినా సరే, జనం గుమిగూడే సందర్భానిదైతే పోయింది. ఆ పనిలో నాకు నచ్చింది మోడల్ కాదు, సెన్సార్ కన్నా ముందు పరిగెత్తాలన్న ఆలోచన.

జనం సమాచారం అలా వాడుకోవడం తప్పు కాదా?

కొన్నిసార్లు తప్పే. "అందరికీ కనిపిస్తోంది కాబట్టి వాడుకోవచ్చు" అనే వాదనతో ఎథిక్స్ కమిటీ ముందుకు వెళితే ఫారం తిరిగొస్తుంది. యూరప్‌లో 2018 నుంచి అమల్లో ఉన్న వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం జీడీపీఆర్ రాజకీయ అభిప్రాయాలను ఆరోగ్య వివరాలతో పాటు ప్రత్యేక రక్షణ ఉన్న వర్గంలో పెట్టింది. అదే ఏడాది బయటపడిన కేంబ్రిడ్జ్ అనలిటికా అనే రాజకీయ ప్రచార సంస్థ వ్యవహారంలో ఒక క్విజ్ యాప్‌ను వాడింది సుమారు 2.7 లక్షల మంది. వాళ్ల స్నేహితుల్ని కూడా కలుపుకుంటే 8.7 కోట్ల మంది వరకు వివరాలు బయటికి వెళ్లాయని ఫేస్‌బుక్కే ఒప్పుకుంది.

తప్పు చేసేది కంపెనీలే అనుకోకండి. 2014లో స్టాన్‌ఫర్డ్, డార్ట్‌మత్ పరిశోధకులు మొంటానా రాష్ట్రంలో న్యాయమూర్తుల ఎన్నికకు ముందు సుమారు లక్ష మంది ఓటర్లకు కార్డులు పంపారు. పార్టీ రహితంగా జరగాల్సిన ఎన్నికలో అభ్యర్థుల్ని డెమొక్రాట్ ఒబామా నుంచి రిపబ్లికన్ రామ్నీ దాకా గీసిన గీత మీద నిలబెట్టారు. పైగా కార్డు మీద రాష్ట్ర ప్రభుత్వ ముద్ర! అది సర్కారు పంపిందే అనుకున్నారు జనం. రెండు యూనివర్సిటీలూ క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. ఎన్నికను చదవడానికి వెళ్లి ఎన్నికను కదిపేస్తే ఏమవుతుందో చెప్పడానికి క్లాసులో ఇది తప్పకుండా వస్తుంది.

అంకెలతోనే అన్నీ తెలిసిపోతాయా? ఇంటర్వ్యూలు, క్షేత్రపర్యటనలు అక్కర్లేదా?

తెలియవు. అవీ కావాలి.

ఏఐ వచ్చాక ఇదంతా నేర్చుకోవడం దేనికి?

కోడ్ రాయడంలో అది నిజంగా సాయం చేస్తుంది. నేనూ వాడతాను. వేల ప్రసంగాలను "అనుకూలం, వ్యతిరేకం" అని వర్గీకరించే పని కూడా భాషా మోడళ్లతో చేయిస్తున్నారు. అయితే అది వేసిన గుర్తులు సరైనవో కాదో తెలియాలంటే కొన్ని వందల ప్రసంగాలు మనుషులు చదివి గుర్తులు వేయాలి, ఇద్దరు మనుషులు విడివిడిగా వేసినవి ఎంతవరకు కలిశాయో చూడాలి, ఆ తర్వాత యంత్రం వాటితో ఎంత కలిసిందో చూడాలి. ఇద్దరు మనుషులే ఒప్పుకోని చోట యంత్రాన్ని తప్పుపట్టి లాభం లేదు. మీ వర్గీకరణే సరిగ్గా లేదన్నమాట. దక్షిణ కొరియా ఎక్కడ అని ఏఐ దానంతటది అడిగిన సందర్భం నాకింకా ఎదురుకాలేదు.

డిసర్టేషన్‌లో ఏ ప్రభావమూ తేలకపోతే మార్కులు పోతాయా?

పోవు. ప్రశ్న మంచిదై, పద్ధతి సరిగ్గా ఉంటే "తేడా ఏమీ లేదు" కూడా ఫలితమే. మార్కులు పోయేది ఇరవై మోడళ్లు నడిపి, పీ-వాల్యూ చిన్నదని చెప్పే నక్షత్రం గుర్తు వచ్చిన ఒక్కదాన్నే చూపించినప్పుడు.

టాపిక్ దొరక్క తిప్పలు పడేవాళ్లకు నా సలహా ఒకటే: అచ్చయిన ఒక పత్రం తీసుకుని, దాని డేటాతో అదే ఫలితం మళ్లీ వస్తుందేమో చూడండి. చాలా జర్నల్స్ ఇప్పుడు డేటా, కోడ్ బయట పెట్టమంటున్నాయి. ఇది చిన్నపని కాదు. మసాచుసెట్స్ యూనివర్సిటీ ఆమ్‌హర్స్ట్‌లో థామస్ హెర్న్‌డన్ అనే విద్యార్థి క్లాసు హోంవర్కుగా ఆర్థికవేత్తలు రైన్‌హార్ట్, రోగోఫ్ 2010లో రాసిన పత్రాన్ని ఎంచుకున్నాడు. ప్రభుత్వ అప్పు జీడీపీలో 90 శాతం దాటితే వృద్ధి పడిపోతుందని చెప్పే పత్రం అది. పొదుపు విధానాల్ని సమర్థించుకోవడానికి రాజకీయ నాయకులు దాన్ని తెగ వాడారు. ఎంత ప్రయత్నించినా ఇతనికి అవే అంకెలు రావడం లేదు. చివరికి రచయితలకే రాస్తే వాళ్లు ఎక్సెల్ ఫైల్ పంపారు. సగటు కట్టిన ఫార్ములా వరసలో చివరి ఐదు గళ్లు ఎంచుకోలేదు. ఐదు దేశాలు లెక్కలోకే రాలేదు. కొన్ని సంవత్సరాలు వదిలేయడం, దేశాలకు ఇచ్చిన తూకం మీద కూడా అభ్యంతరాలు తేలాయి. అన్నీ సరిచేసి 2013లో తన ప్రొఫెసర్లతో కలిసి చూపించింది ఏంటంటే, అప్పు ఎక్కువున్న దేశాల సగటు వృద్ధి -0.1 కాదు, 2.2 శాతం.

యూనివర్సిటీని ఎలా ఎంచుకోవాలి?

ర్యాంకింగ్ పక్కన పెట్టి మాడ్యూల్స్ జాబితా తెరవండి. "బిగ్ డేటా" అనే మాట కోర్సు పేరులో మాత్రమే ఉందా, పాఠాల్లో కూడా ఉందా? పద్ధతుల పేపర్లు ఎన్ని తప్పనిసరి? రిగ్రెషన్ దగ్గరే ఆగిపోతున్నారా, కారణ నిర్ధారణ, టెక్స్ట్ విశ్లేషణ దాకా వెళ్తున్నారా? ల్యాబ్ గంటలు వారానికి ఎన్ని? పాఠం చెప్పేవాళ్లు గత మూడు నాలుగేళ్లలో ఇలాంటి పని స్వయంగా ప్రచురించారా? ఈ చివరిదే ముఖ్యం. అలాగే ఇప్పుడు అక్కడ చదువుతున్నవాళ్లను ఒకరినైనా పట్టుకుని, డిసర్టేషన్ గైడ్ ఎంత సమయం ఇస్తారో అడగండి. బ్రోషర్‌లో ఆ సంగతి రాయరు.

ఎస్‌ఓపీలో (ఎందుకు చేరాలనుకుంటున్నారో దరఖాస్తుతో పంపే వ్యాసంలో) ఏం రాయాలి?

"చిన్నప్పటి నుంచీ రాజకీయాలంటే ఆసక్తి" అని మొదలుపెట్టకండి. మిమ్మల్ని వదలని ఒక ప్రశ్న రాయండి, దానికి ఏ డేటా పనికొస్తుందో, అందులో ఏ ఇబ్బంది ఉందో రెండు వాక్యాల్లో చెప్పండి. ఆ ఇబ్బంది గురించిన వాక్యమే మిమ్మల్ని గుంపులోంచి వేరు చేస్తుంది.

ఉద్యోగాలు వస్తాయా?

సర్వే సంస్థలు, డేటా జర్నలిజం, ప్రభుత్వ గణాంక విభాగాలు, విధాన పరిశోధనా సంస్థలు, స్వచ్ఛంద సంస్థల్లో పథకాల మూల్యాంకనం, పార్టీల ప్రచార బృందాలు, పీహెచ్‌డీ. నా బ్యాచ్‌లో ఇద్దరు రాజకీయాలతో ఏ సంబంధమూ లేని కంపెనీల్లో డేటా ఉద్యోగాల్లో ఉన్నారు, సంతోషంగానే ఉన్నారు. అయితే సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి దగ్గరిదారి అనుకుని మాత్రం ఇందులోకి రావద్దు. దానికి నేరుగా వేరే కోర్సులున్నాయి. ఇంటర్వ్యూల్లో సర్టిఫికెట్ కన్నా ఎక్కువ పనిచేసేది మీరు చేసిన ఒక ప్రాజెక్టు: శుభ్రం చేసిన డేటా, నడిచే కోడ్, రెండు పేజీల వివరణ.

ఎలాంటి ల్యాప్‌టాప్ కొనాలి?

ఉన్నది చాలు. ర్యామ్ 16 జీబీ ఉంటే హాయి, 8 ఉన్నా పని నడుస్తుంది. మరీ పెద్ద ఫైళ్లకు యూనివర్సిటీ సర్వర్ ఉంటుంది. ల్యాప్‌టాప్ మీద పెట్టే డబ్బులో కొంత మిగిల్చి బయట ఒక హార్డ్‌డిస్క్ కొనుక్కోండి. ఒరిజినల్ డేటా ఫైల్‌ను అందులో ఒక ఫోల్డర్‌లో పెట్టి, మళ్లీ ముట్టుకోకండి. మార్పులన్నీ కోడ్‌లోనే చేయాలి, ఫైల్‌లో చేత్తో ఒక్క గడి కూడా మార్చకూడదు. డిసర్టేషన్ ఇవ్వడానికి వారం ముందు నా ఫోల్డర్‌లో "ఫైనల్", "ఫైనల్2", "ఫైనల్_నిజంగా" అని మూడు ఫైళ్లు ఉండేవి. మూడింట్లోనూ వరుసల సంఖ్య వేరు. వాటిలో దక్షిణ కొరియా ఉన్నది ఏదో కనిపెట్టడానికి రెండు రాత్రులు పట్టింది.